ఆపే ముందు రేస్ కొట్టొద్దు



కారేపల్లి జంక్షన్ చుట్టుపక్కల పెరిగినవాళ్లకు టర్బో కొత్త ముచ్చటేం కాదు. మాట తెలియకపోయినా దాని శబ్దం మాత్రం మాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. డోర్నకల్ నుంచి వచ్చే రైలు దారి మా ఊళ్లో రెండుగా చీలుతుంది. ఒకటి ఇల్లందు వైపు పోతే ఇంకొకటి కొత్తగూడెం వైపు పోతుంది. బొగ్గు కోసం పడ్డ దారి అది. 1871లో డాక్టర్ కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర బొగ్గుందని తేల్చిన తర్వాతే ఈ కథంతా మొదలైంది. బొగ్గు గనుల కంపెనీకి పేరిచ్చిన సింగరేణి ఊరు మా పక్కనే. మా మండలం పేరు కూడా సింగరేణే, ఆఫీసులు మాత్రం కారేపల్లిలో. బయటివాళ్లకు ఇది ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాదు, సరే పోనివ్వండి.

నా చిన్నతనం ఆవిరి ఇంజన్లు పోయి డీజిల్ ఇంజన్లు తిరుగుతున్న రోజులు. డబ్ల్యూడీఎం-2 అని ఒక రకం ఉండేది. అమెరికాలోని ఆల్కో కంపెనీ డిజైను, తర్వాత మన వారణాసిలోనే తయారయ్యేది. 16 సిలిండర్లు, 2600 గుర్రాల బలం. స్టేషన్లో నిలబడి గుడుగుడుమంటూ ఉండేది. గార్డు పచ్చ జెండా ఊపగానే డ్రైవరు హ్యాండిలు ఒక్కో మెట్టూ తిప్పేవాడు. ముందు పైనుంచి గుప్పుమని నల్లటి పొగ లేచేది. ప్లాట్‌ఫారం మీద ఉతికి ఆరేసిన తెల్ల పంచె ఉందంటే ఇక దాని పని అంతే. కాసేపటికి లోపలినుంచి సన్నగా ఈల మొదలయ్యేది. ఈల పెరిగే కొద్దీ పొగ పల్చబడేది. ఈలా పొగా ఒకదాన్నొకటి తరుముకుంటున్నట్టు ఉండేది మాకు.

అసలు జరిగేదేంటంటే, హ్యాండిలు తిప్పగానే డీజిల్ ఎక్కువ పడుతుంది. దానికి సరిపడా గాలి మాత్రం వెంటనే అందదు. గాలి చాలక మండని డీజిలే ఆ నల్ల పొగ. ఆ గాలిని తోసే చక్రం వేగం అందుకోవడానికి కొన్ని క్షణాలు పడుతుంది. ఆ చక్రం పాడే ఈలే మనం విన్నది. ఆ చక్రం ఉండేదే టర్బో. ఇవాళ మీ ఇంటి ముందున్న డీజిల్ కారులో కూడా సరిగ్గా అదే పని జరుగుతోంది. కాకపోతే అరచేతిలో పట్టేంత సైజులో.

టర్బోలో రెండు చిన్న రెక్కల చక్రాలుంటాయి. రెంటికీ మధ్య ఒకటే ఇరుసు. సైలెన్సర్లోకి పోయే వేడి పొగ మొదటి చక్రాన్ని తిప్పుతుంది. ఆ ఇరుసుకే అవతల ఉన్న రెండో చక్రం బయటి గాలిని పీల్చి ఇంజన్లోకి కుక్కుతుంది. బయటపారేసే పొగతో ఊపిరి కొనుక్కోవడం అన్నమాట. ఆల్‌ఫ్రెడ్ బ్యూషీ అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. మన ఇంట్లో సీలింగ్ ఫ్యాను నిమిషానికి మూడు, నాలుగు వందల చుట్లు తిరుగుతుంది. చిన్న కారు టర్బో ఇరుసు నిమిషానికి 2 లక్షల చుట్ల దాకా పోతుంది.

దీంతో ఎంత తేడా వచ్చిందో మా రోడ్ల మీదే చూడొచ్చు. ఒకప్పుడు ఏజెన్సీలో జనాన్ని మోసింది కమాండర్ జీపులు. ముందు సీట్లో నలుగురు, వెనక లెక్కలేదు, పైన మేకలు. అందులో ప్యూజో ఇంజను, 2112 సీసీ, టర్బో లేదు. తర్వాత వచ్చిన స్విఫ్ట్ డీజిల్‌లో ఇంజను 1248 సీసీ మాత్రమే. అది ఫియట్ వాళ్ల డిజైను. టర్బో ఉండబట్టి ఆ చిన్నదే 75 గుర్రాల బలం ఇచ్చింది.  2020 ఏప్రిల్ నుంచి మారుతి డీజిల్ కార్లు మానేసింది గానీ, అప్పటికే అమ్మిన బళ్లు ఇంకా మా తండాల్లో, గూడేల్లో తిరుగుతూనే ఉన్నాయి. నా మెకానిక్ షెడ్డుకు వచ్చేవాటిలో సగం అవే. జీపు ఇంజన్ల మీద పని నేర్చుకున్న చేతులతోనే వీటి మీదా పని చేస్తున్నాను. ఆ చేతుల అలవాటు మాన్పడానికే నాకు నాలుగైదేళ్లు పట్టింది.

టర్బో బండిని కాపాడుకోవాలంటే ఏం చూడాలో, ముందు గాలి సంగతి చెప్తాను. ఒక్క లీటరు డీజిల్ పూర్తిగా మండాలంటే కనీసం 10,000 లీటర్ల గాలి కావాలి. నిజానికి డీజిల్ ఇంజను అంతకంటే ఎక్కువే పీలుస్తుంది. ఇల్లందు వైపు బొగ్గు టిప్పర్ల వెనక పోతున్నప్పుడు, మిర్చి కోతలప్పుడు చేలల్లోకి ఎర్ర చెలక దారిన పోతున్నప్పుడు ఆ 10,000 లీటర్ల గాలిలో ఎంత దుమ్ముంటుందో మీకే తెలుసు. దాన్నంతా ఆపేది అట్ట మడతల్లాంటి ఒక కాగితం ఫిల్టరు. మనవాళ్లు చేసేదేంటంటే, పంక్చర్ షాపు దగ్గర ఆగి కంప్రెసర్ గాలి కొట్టించి మళ్లీ పెట్టేస్తారు. ఆ గాలికి కాగితంలో కంటికి కనపడని చిరుగులు పడతాయి. ఫిల్టరు శుభ్రంగా కనపడుతుంది, దుమ్ము మాత్రం లోపలికి పోతుంది. 2 లక్షల చుట్లు తిరిగే రెక్కలకు సన్నటి ఇసుక తగిలితే అవి ఆకురాయి మీద పెట్టినట్టు అరిగిపోతాయి. హైదరాబాద్ కారుకు కంపెనీ చెప్పిన కిలోమీటర్లు మన కారుకు వర్తించవు. సగం దూరానికే తీసి చూడండి, మట్టి పట్టి ఉంటే కొత్తది వేయండి. ఫిల్టరు కొన్ని వందల రూపాయలు. టర్బో అయితే వేలల్లో ఉంటుంది.

టర్బో నొక్కిన గాలి బాగా వేడెక్కుతుంది. వేడి గాలి పల్చగా ఉంటుంది కాబట్టి దాన్ని చల్లార్చడానికి బండి ముందు వైపు రేడియేటర్ లాంటి ఇంటర్‌కూలర్ పెడతారు. మే నెలలో 45 డిగ్రీలు దాటే మా వైపు బండి పికప్ కాస్త తగ్గడం సహజమే. వానాకాలంలో పొలం గట్ల మీద తిరిగిన బురద ఇంటర్‌కూలర్ పళ్ల మధ్య ఎండిపోయి ఉంటే మాత్రం ఇంకా తగ్గుతుంది. మెల్లగా నీళ్లు పోసి కడిగితే చాలు. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు, అక్కడినుంచి ఇంజనుకు పోయే రబ్బరు పైపులను కూడా చేత్తో తడిమి చూడాలి. క్లాంపు వదులైనా, పైపుకు కింది వైపు చీలిక పడినా యాక్సిలేటర్ తొక్కితే బుస్సుమని శబ్దం వస్తుంది. వెనక నల్ల పొగ లేస్తుంది. అదే పాత స్టేషన్ పొగ, కారణం కూడా అదే, గాలి చాలకపోవడం. ఇలాంటి బళ్లకు టర్బో పోయిందని చెప్పి కొత్తది వేయించినవాళ్లు ఉన్నారు. పైపు మారిస్తే సరిపోయేది.

ఇక మా మామ సంగతి. రక్త సంబంధం కాదు, ఊరి వరస. ఇరవై ఏళ్లు కారేపల్లి ఇల్లందు మధ్య జీపు తోలాడు. కొడుకు కోసం సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు ఒకటి కొన్నాడు. ఒకరోజు పొద్దున్నే షెడ్డు ముందు ఆపాడు.

"ఏందో అల్లుడూ, బండి గుంజట్లేదు. ఎక్కుడు మీద రెండో గేరు అడుగుతుంది. నీలం పొగ గూడ పోతుంది."

"ఎప్పటినుంచి మామా?"

"మొన్న మారేడుమిల్లి మీంచి రాజమండ్రి పోయొచ్చినం. అప్పటినుంచి."

భద్రాచలం దాటి చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాట్ ఎక్కి పోయే దారి మీలో చాలామందికి తెలుసు. మలుపు మీద మలుపు, ఇంజను ఎంత బలం ఉంటే అంతా లాగుతుంది. నేను ఆలోచిస్తుండగానే మామ కీ ఆపబోయాడు. ఆపే ముందు ఏం చేశాడో తెలుసా? యాక్సిలేటర్ ఒక్కసారి గట్టిగా తొక్కి, ఇంజను గర్జిస్తుండగానే కీ తిప్పేశాడు.

ఆ అలవాటు నాకు బాగా తెలుసు. పాత జీపు డ్రైవర్లందరూ చేసేదే. ఎందుకు చేస్తారో ఎవర్నడిగినా ఒక్కో జవాబు చెప్తారు. లోపల కార్బన్ ఎగిరిపోతుందంటారు, మళ్లీ సెల్ఫ్ తొందరగా పడుతుందంటారు. జీపుకు దానివల్ల లాభమూ లేదు, నష్టమూ పెద్దగా లేదు. టర్బో బండికి మాత్రం అది గొంతు నులమడమే. ఎందుకంటే ఆ ఇరుసుకు ఆధారం ఇనుప బేరింగు బంతులు కావు. చాలా కార్లలో ఇరుసు చుట్టూ ఇంజను ఆయిల్ ఒక పల్చటి పొరలా తిరుగుతుంది, ఇరుసు ఆ పొర మీదే తేలుతుంది. ఆయిల్ నెట్టే పంపు ఇంజనుతోనే తిరుగుతుంది. కీ తిప్పగానే పంపు ఆగుతుంది. అప్పుడే రేస్ కొట్టిన టర్బో మాత్రం లక్ష చుట్ల మీద ఇంకా తిరుగుతూనే ఉంటుంది, ఆయిల్ లేకుండా. ఘాట్ ఎక్కగానే ఆపితే దానికి తోడు వేడి. అక్కడ మిగిలిన కాస్త ఆయిలూ మాడిపోయి, మూకుడు అడుగున పట్టిన మడ్డిలా గట్టిపడుతుంది. తర్వాత ఆయిల్ వచ్చే సన్నటి దారే మూసుకుపోతుంది.

గాలి పైపు ఊడదీసి మామ చేతే చూపించాను. టర్బో మూతిలో కనపడే చక్రం మధ్య నట్టును రెండు వేళ్లతో పట్టుకోవాలి. పక్కలకు కాస్త ఊగితే ఫర్వాలేదు, ఆయిల్ పొర కోసం ఆ సందు వదులుతారు. ముందుకూ వెనక్కూ కదలిక వేళ్లకు తెలియకూడదు. రెక్కలు గోడకు అసలే తగలకూడదు. మామ వేళ్లకు రెండూ తెలిశాయి. పైపు లోపల వేలు పెట్టి తీస్తే వేలంతా నల్లటి ఆయిల్. ఆయన ఆ వేలు చూసుకుంటూ చాలాసేపు మాట్లాడలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ప్రతిసారీ మూడు నిమిషాలు ఇంజను నడుపుతూ కూర్చోవాలని కొందరు చెప్తారు. అది డీజిల్ దండగ. బజారుకు మెల్లగా పోయి వస్తే ఆగగానే కీ తిప్పొచ్చు. ఘాట్ ఎక్కినా, పూర్తి లోడుతో పోయినా, హైవే మీద గంట సేపు బిగించి తోలినా మాత్రం ఆపేముందు ఒక నిమిషం ఉత్తగా తిరగనివ్వండి. పొద్దున స్టార్ట్ చేసిన వెంటనే రేస్ కొట్టడం కూడా అంతే తప్పు, ఆయిల్ పైదాకా చేరడానికి కొన్ని క్షణాలు కావాలి కదా.

ఆయిల్ మార్చిన వారానికే నల్లబడిందని కంగారు పడకండి, డీజిల్ ఇంజన్లో అది మామూలే. నల్లబడటం కాదు, పాతబడటం చూడాలి. కంపెనీ 10,000 కిలోమీటర్లు అని రాస్తే, దుమ్ములో లోడు మోసే బండికి నేను 7,000కే మారుస్తాను. ట్రాక్టరుకు పోయగా మిగిలిన ఆయిల్ ఉంది కదా అని కారులో పోయకండి. కొత్త బళ్లకు బూడిద తక్కువ వదిలే ఆయిల్ వేరే ఉంటుంది, డబ్బా మీద నంబరు బండి పుస్తకంతో సరిచూసుకోండి.

డీజిల్ దగ్గరికి వద్దాం. డీజిల్ ఇంజనుకు ప్లగ్గు మంట అక్కర్లేదు. గాలిని పదహారు, పదిహేడు వంతుల్లో ఒక వంతుకు నొక్కితే అది 500 డిగ్రీలు దాటి కాగుతుంది, అందులోకి చిమ్మిన డీజిల్ దానంతటదే అంటుకుంటుంది. పాత జీపు నాజిల్ నూరు, నూటయాభై బార్ ఒత్తిడికే తెరుచుకునేది. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లలో 1600 బార్, కొన్నింటిలో 2000 కూడా దాటుతుంది. మీ కారు టైర్లో గాలి ఒత్తిడికి 1600 బార్ అంటే ఏడు వందల రెట్లు. ఆ ఒత్తిడిలో పనిచేసే భాగాల మధ్య సందు మన తల వెంట్రుకలో పదో వంతు కూడా ఉండదు. అందులోకి ఒక నీటి బొట్టు పోయిందంటే తుప్పు, ఒక ఇసుక రేణువు పోయిందంటే గీత.

ఈ మాట నా తోటి మెకానిక్‌లకు. జీపు స్టార్ట్ కాకపోతే నాజిల్ పైపు నట్టు వదులు చేసి, సెల్ఫ్ కొట్టించి, డీజిల్ వస్తుందా లేదా అని చేయి అడ్డం పెట్టి చూసేవాళ్లం. కామన్ రైల్ బండిలో ఆ పని చచ్చినా చేయొద్దు. ఆ ఒత్తిడిలో సన్నగా చిమ్మే డీజిల్ చర్మాన్ని కోసుకుని లోపలికి పోతుంది. బయటికి సూది గుచ్చినంత గాయమే కనపడుతుంది, లోపల వేలు పోవచ్చు, చేయే పోవచ్చు. అలా జరిగితే పసుపు పెట్టుకుని కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

మా వైపు ఊళ్లలో డీజిల్ క్యాన్లలో తెచ్చి ఇంట్లో పెట్టుకుంటారు. వానాకాలంలో ఆ క్యాన్ల అడుగున చెమ్మ చేరుతుంది. బండిలో డీజిల్ ఫిల్టరు కింద నీళ్లు దిగే మర ఒకటి ఉంటుంది. దాన్ని రెండు చుట్లు వదిలి గాజు గ్లాసులో పట్టండి. ఐదు నిమిషాలు కదపకుండా ఉంచితే నీళ్లు అడుక్కు దిగి, పైన డీజిల్ పసుపు పచ్చగా వేరుగా నిలుస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నాకే భయం వేసింది, గ్లాసులో వేలెడు నీళ్లు. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయ్యేదాకా తోలడం కూడా మానుకోండి. నాజిళ్లకు డీజిల్ నెట్టే పంపుకు ఆ డీజిలే కందెన. డీజిల్ లేకుండా తిరిగితే లోపల ఇనుము రాసుకుని రజను లేస్తుంది, ఆ రజను నాజిళ్ల దాకా పోతుంది.

కానుగ నూనె పోయొచ్చా అని అడిగినవాళ్లూ ఉన్నారు. ప్రశ్న తీసిపారేసేది కాదు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజను వేరుశెనగ నూనెతో నడిచింది. మన ఆదిలాబాద్ ఏజెన్సీలో కానుగ నూనెతో జనరేటర్లు నడిపారు. నిదానంగా తిరిగే పాత రకం ఇంజను దాన్ని అరిగించుకుంటుంది. కామన్ రైల్ నాజిల్ అరిగించుకోలేదు, ఆ చిక్కదనానికే మూసుకుపోతుంది.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 బళ్లకు ఇంకో కొత్త అవయవం ఉంది. డీజిల్‌లో గంధకాన్ని బీఎస్-3 నాటి 350 పాళ్ల నుంచి 50కి, ఇప్పుడు పది లక్షల్లో 10 పాళ్లకు తగ్గించారు. అందువల్లే సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టరు పెట్టడం కుదిరింది. డీపీఎఫ్ అంటారు. అది మసిని పోగు చేసుకుని, నిండగానే 600 డిగ్రీల వేడితో తనంతట తాను కాల్చుకుంటుంది. ఆ వేడి రావాలంటే బండి ఒక పావుగంటైనా ఆగకుండా ఓ మోస్తరు వేగంతో పోవాలి. ఇంటి నుంచి మార్కెట్‌కు, మార్కెట్ నుంచి బడికి రెండేసి కిలోమీటర్లు తిరిగే బండికి ఆ అవకాశమే రాదు. కాల్చుకోవడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతే, అందుకోసం ఎక్కువగా చిమ్మిన డీజిల్ సిలిండర్ గోడల మీదుగా కిందికి కారి ఆయిల్లో కలుస్తుంది. అందుకే ఆయిల్ స్టిక్ తీసి చూసినప్పుడు మట్టం పెరిగి ఉంటే సంతోషించకండి. పోయకుండానే పెరిగే ఆయిల్ మంచిది కాదు, పల్చబడ్డ ఆయిల్ అది. డీపీఎఫ్ లైటు వెలిగినప్పుడు షెడ్డుకు రాకముందు కొత్తగూడెం దాకా ఒకసారి ఆగకుండా పోయి రండి, చాలాసార్లు అదే ఆరిపోతుంది. "అన్నా, ఆ డబ్బా గుల్ల చేసివ్వు" అని అడిగేవాళ్లకు నేను చేయనని చెప్తాను. చట్టం ఒప్పుకోదు. అదీ కాక, ఆ మసి పోయేది వెనక బండి మీద వచ్చే మన పిల్లల ఊపిరితిత్తుల్లోకే.

కొన్ని బళ్లలో పొగను శుభ్రం చేయడానికి డెఫ్ అనే నీలం మూత ద్రవం పోయాలి. అందులో ఉండేది 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధమైన నీళ్లు. ఇది తెలియగానే ఒక రైతు అడిగాడు, "పత్తికేసిన యూరియా సగం బస్తా మిగిలింది, బోరు నీళ్లలో కలిపి పోద్దామా?" అని. నవ్వొచ్చింది గానీ తెలివైన ప్రశ్నే. పొలం యూరియాకు వేపనూనె పూత ఉంటుంది, మా బోరు నీళ్లలో సున్నం ఉంటుంది. రెండూ కలిసి సైలెన్సర్లో పొగను శుభ్రం చేసే ఇటుక లాంటి ఖరీదైన భాగాన్ని నాశనం చేస్తాయి. సీలున్న డబ్బాయే కొనాలి. అది అయిపోవస్తుంటే బండి ముందే హెచ్చరిస్తుంది, పూర్తిగా అయిపోతే ఆపిన బండి మళ్లీ స్టార్టే కాదు.

మామ బండికి టర్బో మార్చాం. ఆయిల్ వచ్చే పైపు కూడా కొత్తదే వేశాను, పాతదాంట్లో మడ్డి చూసిన తర్వాత దాన్ని మళ్లీ బిగించబుద్ధి కాలేదు. బండి ఇచ్చేటప్పుడు రేస్ కొట్టొద్దని పదిసార్లు చెప్పాను. ఇరవై ఏళ్ల కాలు మాట వింటుందా అని నాకు అనుమానమే.

మొన్న భద్రాచలం పోయి వస్తూ షెడ్డు ముందు ఆగాడు. కీ తిప్పలేదు. ఇంజను గుడుగుడుమంటూనే ఉంది. కారు దిగి, బీడీ వెలిగించి, బానెట్‌కు ఆనుకుని నిలబడ్డాడు.

"ఆపవేంది మామా?"

"ఉండు. సగమైనంక ఆపుతా."